డార్లా మొదటిసారే సరేనంది

డార్లాకి యాభై ఐదో ఏట ఒక ఉద్యోగం వచ్చింది. వచ్చిన రెండు నిమిషాలకే పోయింది. పోగొట్టింది ఇంకెవరో కాదు, ఆవిడ మర్యాదే. ఆ మర్యాద నేర్పినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ సంగతి చెప్పాల్సింది నేనే. మూడో తరగతిలో డార్లా నా దగ్గరే చదువుకుంది. కిటికీ పక్కన రెండో బల్ల, రెండు జడలు, ఎప్పుడు చూసినా ఎవరో ఒకరి మోకాలికి కట్టు కడుతూ ఉండేది. ఎక్కాలతో పాటు నేను పిల్లలకి ఇంకో మాట కూడా చెప్పేదాన్ని: ఎవరైనా ఏదైనా ఇస్తామనగానే చెయ్యి చాపకూడదని. ఎక్కాలు చాలామంది మర్చిపోయారు. ఇది మాత్రం ఒక్కరూ మర్చిపోలేదు.

మాది నార్డ్‌బీ. మిన్నెసోటాలో వాయవ్య మూల, చక్కెర దుంపల పొలాల మధ్య ఆరువందల జనం. ఇక్కడ ఎవరింటికైనా వెళితే కాఫీ తాగుతావా అని అడుగుతారు. వద్దండీ అనాలి. కొంచెమే, అంటారు. మీకెందుకు శ్రమ, అనాలి. ఇప్పటికే కాచేశాను, నువ్వు తాగకపోతే పారబొయ్యడమే, అంటారు. అప్పుడు, సరే అరకప్పు పొయ్యండి, అనాలి. ఆ తర్వాత నాలుగు కప్పులు తాగినా ఎవరూ ఏమీ అనుకోరు. మొదటిసారి అడిగింది మర్యాదకి, రెండోసారి అడిగింది మొదటిసారి అడిగినందుకు, మూడోసారి అడిగితేనే నిజంగా అడిగినట్టు. మొదటిసారే సరేనన్న మనిషిని నా డెబ్భై రెండేళ్ళలో నేను చూడలేదు, పాత పాస్టరుగారి అల్లుణ్ణి తప్ప. అతను చికాగో వాడు.

ఇంకోటి కూడా చెప్పాలి. మేం బార్లు అనే తీపి చేస్తాం, పెద్ద పళ్ళెంలో కాల్చి చదరపు ముక్కలుగా కోస్తాం. పళ్ళెంలో ఆఖరి ముక్క ఎవరూ ముట్టుకోరు. ఒకరు దాన్ని సగం చేసి తీసుకుంటారు. ఇంకొకరు ఆ మిగిలిన సగంలో సగం. చివరికి వేలిగోరంత మిగులుతుంది. దాన్ని కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెడతారు. మా ఊళ్ళో ఏ ఇంటి ఫ్రిజ్ తెరిచినా అలాంటి పొట్లాలు రెండు మూడు కనిపిస్తాయి.

ఇంక డార్లా సంగతి. ముప్ఫై ఏళ్ళు అరవై మైళ్ళ దూరంలోని పెద్ద ఆసుపత్రిలో ఎమర్జెన్సీ నర్సుగా పనిచేసింది. ధాన్యం మరలో చెయ్యి పెట్టినవాళ్ళు, మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్ళు, చలికి కాలివేళ్ళు నల్లబడ్డవాళ్ళు, అందర్నీ చూసింది. చూడటమే కాదు, ఎత్తి మంచం మీద పడుకోబెట్టింది. మా వైపు మనుషులు తేలిగ్గా ఉండరు. నలభై తొమ్మిదో ఏట నడుం దగ్గర రెండు వెన్నుపూసలు మేమింక చెయ్యలేమన్నాయి. అప్పుడు వంటింటి బల్ల మీద పుస్తకాలు పరుచుకుని నర్స్ ప్రాక్టిషనర్ చదువు మొదలుపెట్టింది. నర్సే, కానీ డాక్టరులాగా పరీక్ష చేసి, రోగం ఇదని తేల్చి, మందు రాసే హక్కున్న నర్సు. మనుషుల్ని ఎత్తక్కర్లేదు, కూర్చోబెట్టి అడిగితే చాలు. నాలుగున్నరేళ్ళు ఉద్యోగం చేస్తూనే చదివి, యాభై నాలుగో ఏట పట్టా, లైసెన్సు రెండూ తెచ్చుకుంది. చర్చిలో కేకు కోశాం. ఆఖరి ముక్క ఫ్రిజ్‌లో పెట్టాం.

ఆ తర్వాత పదిహేడు నెలల్లో నలభై మూడు చోట్ల దరఖాస్తు పెట్టింది. ప్రతివాళ్ళూ ఒకటే మాట: ప్రాక్టిషనరుగా రెండేళ్ళ అనుభవం కావాలి. మరి ముప్ఫై ఏళ్ళ నర్సు పనో అంటే, అది వేరే అన్నారు. అది లెక్కలోకి రాదన్నారు. ముప్ఫై ఏళ్ళు ఏట్లో ఈదిన మనిషిని, నీకు ఒడ్డున నుంచున్న అనుభవం ఉందా అని అడిగినట్టుంది.

కొందరు కంప్యూటరులో ఇంటర్వ్యూ చేశారు. ఆవిడ మొగుడు లోరెన్ దుంపల రైతు. రోజుకి పది మాటలకి మించి వాడడు. అతను విత్తనాల పెట్టెలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి, మొహం సరిగ్గా కనపడేలా కంప్యూటరు నిలబెట్టేవాడు. మీలో అన్నిటికన్నా గొప్ప గుణం ఏమిటని అడిగారు ఒకళ్ళు. డార్లా ఆలోచించి, ఏముందండీ, అందరూ చేసేదే చేస్తాను, అంది. పదేళ్ళ తర్వాత మీరు ఎక్కడ ఉంటారనుకుంటున్నారు, అని ఇంకొకళ్ళు అడిగారు. బతికుంటే ఇక్కడే, అంది. వాళ్ళు నవ్వారట. ఆవిడ జోక్ వెయ్యలేదు.

ఆసుపత్రి పెద్ద డాక్టరుగారు ఆవిడ గురించి సిఫార్సు కాగితం నింపారు. ఆయనా మా పక్క ఊరివాడే. కాగితంలో ఐదు గడులున్నాయి, అద్భుతం దగ్గర్నుంచి అధ్వానం దాకా. ఆయన రెండో గడిలో టిక్కు పెట్టారు. మా వైపు మొదటి గడిలో ఎవరూ టిక్కు పెట్టరు, అది దేవుడి కోసం వదిలేస్తాం. కింద రెండు లైన్లు రాయమంటే, "అంత చెడ్డగా ఏం చెయ్యదు" అని రాశారు. గడ్డకట్టిన చెరువులో పడ్డ ముగ్గురు పిల్లల్ని బయటికి లాగినాయన గురించి కూడా మేం ఇదే మాట అన్నాం. ఆ మాటకి ఆయన సిగ్గుపడి బయటికి వెళ్ళిపోయాడు. కానీ ఆ కాగితం చదివేవాళ్ళు ఎక్కడో డెన్వర్‌లో కూర్చుని చదివారు.

ఇందులో అసలు భయం ఏమిటంటే, నెలలు గడిచేకొద్దీ, చదువయ్యాక ఇన్నాళ్ళూ ఏం చేశారు అన్న ప్రశ్న కూడా మొదలైంది. రెండేళ్ళు దాటితే ఇంక దరఖాస్తు విప్పి కూడా చూడరని తోటి విద్యార్థులు చెప్పారు. ఆసుపత్రివాళ్ళు ఆవిణ్ణి మార్చి నెలాఖరుదాకా కాగితాల పనిలో కూర్చోబెట్టారు. తర్వాత మళ్ళీ వార్డులోకే. అంటే వేసవి లోపల ఎక్కడో ఒకచోట దొరకాలి. లేకపోతే ఆ నడుంతో మళ్ళీ మనుషుల్ని ఎత్తాలి, లేదా ఇంట్లో కూర్చుని గోడ మీద పట్టా చూసుకోవాలి.

అప్పుడు, అక్టోబరులో, దుంపలు తవ్వే రోజుల్లో ఆ ఫోను వచ్చింది. నలభై మైళ్ళ అవతల ఒక పెద్ద దుకాణంలో చిన్న క్లినిక్ పెడుతున్నారు. మనుషుల్ని తీసుకునే ఆవిడ పేరు మారిసా, ఉండేది టెక్సాస్‌లో. డార్లా తర్వాత నా వంటింట్లో కూర్చుని ఆ మాటలు ఒక్కటీ వదలకుండా చెప్పింది.

"మా అందరికీ మీరు బాగా నచ్చారండీ," అందట మారిసా. "ఉద్యోగం మీకే ఇద్దామనుకుంటున్నాం."

"అయ్యో, నాకెందుకండీ. నాకన్నా మంచివాళ్ళు ఉండే ఉంటారు, చూడండి."

"అంటే, మీకు వద్దా? పర్వాలేదు, నిజం చెప్పెయ్యండి."

"నా గురించి మీకు ఇబ్బంది ఎందుకు. నా సంగతి వదిలెయ్యండి."

"అర్థమైంది. దాచకుండా చెప్పినందుకు థాంక్సండీ. మీకు మంచి జరగాలి."

ఫోను పెట్టేసి డార్లా కాఫీ పెట్టుకుంది. సంతోషంలో చక్కెర రెండుసార్లు వేసుకుంది. లోరెన్ పొలం నుంచి రాగానే, రెండుసార్లు అడిగారు, అని చెప్పింది. బాగానే ఉందే, అన్నాడు లోరెన్. ఆ సాయంత్రమంతా మూడో పిలుపు కోసం ఫోను పక్కనే కూర్చుంది. మర్నాడు స్నానానికి వెళుతూ ఫోను లోరెన్ చేతికిచ్చింది. దుంపల లారీ నడుపుతూ కూడా అతను దాన్ని చొక్కా జేబులో పెట్టుకునే తిరిగాడు. నాలుగో రోజు ఉత్తరం వచ్చింది: మీరు వద్దనుకున్నందుకు చింతిస్తున్నాం, మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాం.

ఆ ఉత్తరం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను చదివి కళ్ళజోడు తీసేశాను.

"టెక్సాస్‌లో ఒక్కసారే అడుగుతారే పిచ్చిదానా," అన్నాను.

"ఒక్కసారేనా?" అంది డార్లా. "అంత మొరటుగానా, టీచరుగారూ?"

మళ్ళీ ఫోన్ చేసి నాకు కావాలని చెప్పమన్నాను. తోసుకెళ్ళినట్టుంటుంది, బాగుండదంది. బతిమాలి బామాలి చేయించేసరికి తొమ్మిది రోజులైంది. ఆ ఉద్యోగంలో ఇరవై ఆరేళ్ళ అమ్మాయి చేరిపోయింది. ఆ పిల్ల మొదటిసారే సరేనందట. మారిసా ఆ మాట ఎంతో మెచ్చుకుంటూ చెప్పింది.

నాకు కోపం వచ్చింది. డార్లా మీద కాదు, మూడో తరగతి మీద. నలభై ఒక్కేళ్ళు నేర్పిందాన్ని విప్పడం కూడా నా పనే అనుకున్నాను. మర్నాటి నుంచి పొద్దున్నే రమ్మన్నాను. బల్లకి అటు నేను, ఇటు ఆవిడ.

కాఫీ తాగుతావా, అనేదాన్ని. వద్... అనేది. మళ్ళీ, అనేదాన్ని. కాఫీ తాగుతావా. మీకు శ్ర... అనేది. మళ్ళీ. మెడ మీద ఎర్రెర్రటి మచ్చలు లేచేవి, చెవుల దాకా పాకేవి. గుండె ఆగినవాళ్ళ ఛాతీ మీద చేతులతో నొక్కి బతికించిన మనిషి, తాగుతాను అన్న ఒక్క మాటకి చెమటలు కార్చుకునేది. నాలుగో రోజు అంది, తాగుతాను అని. అని, ఏడిచినంత పని చేసింది. నేను పోశాను, తాగింది. తర్వాత బార్లు, తర్వాత నా తోటలో మిగిలిపోయిన గుమ్మడికాయలు, తర్వాత కారులో ఇంటి దగ్గర దింపడం. వారం తిరిగేసరికి ఆవిడ ఇంట్లో పది గుమ్మడికాయలు చేరాయి, ఏదిచ్చినా సరేనంటోంది కాబట్టి.

ఇంట్లో అభ్యాసం చాలదని బయటికి పంపాను. మా వీధిలోనే ఉండే ఐరిస్ ఇంటికి వెళ్ళి, కాఫీ అనగానే, ఇవ్వండి, అందట. ఐరిస్ పొయ్యడమైతే పోసింది గానీ డార్లా వెళ్ళగానే నాకు ఫోన్ చేసింది. లోరెన్ పంట పోయిందా, ఆ పిల్ల అన్నం తిని ఎన్నాళ్ళైంది, అని గుసగుసగా అడిగింది. సాయంత్రానికి పాస్టరుగారు మాంసం, బంగాళాదుంపలు కలిపి కాల్చిన వంట ఒక గిన్నెడు పట్టుకుని డార్లా గుమ్మంలో నిలబడ్డారు. తీసుకోమన్నారు. సరేనంది. ఆయన ఇంకా కంగారుపడి ప్రార్థన చేసి వెళ్ళారు.

ఇలా ఉండగా మా నార్డ్‌బీ క్లినిక్‌లో ముసలి డాక్టరుగారు మార్చితో మానేస్తున్నానని చెప్పారు. ఆయన స్థానంలోకి డాక్టరు ఎవరూ రారు, ప్రాక్టిషనరుని పెట్టుకుందాం, జిల్లా కేంద్రంలో డాక్టరుగారు మొదటి ఏడాది పై నుంచి చూసుకుంటారు అని క్లినిక్ నడిపే ఊరి కమిటీ తీర్మానించింది. ఊళ్ళోనే డార్లా ఉంది కదా, ఇంకేం అనుకుంటారు మీరు. అక్కడే ఉంది తిరకాసు.

కమిటీ పెద్ద వెర్లిన్ బక్కె, ఎరువుల కొట్టు యజమాని. అతనూ నా విద్యార్థే, డార్లా తరగతే, వెనక బల్ల. అతను మినియాపొలిస్‌లో ఒక గడ్డం కుర్రాడితో అప్పటికే మాట్లాడేశాడు. బ్యాంకు పైన గది కూడా చూసి పెట్టాడు. అయితే ఊరి మనిషిని అడక్కుండా పైవాణ్ణి తెచ్చారన్న మాట రాకూడదు. అందుకని డార్లాని అడగాలి. అడిగితే, నాకెందుకు, ఎవరైనా చిన్నవాళ్ళని చూడండి, అంటుంది. ఇంకోసారి కాస్త మెల్లిగా అడగాలి, మళ్ళీ వద్దంటుంది. సరే నీ ఇష్టం, అని నిట్టూర్చాలి. అక్కడితో ఆవిడ పరువు ఆవిడకీ, కమిటీ పరువు కమిటీకీ. చర్చిలో ఆర్గన్ వాయించే పని ఐరిస్‌కి ఇవ్వకుండా ఇచ్చింది ఇలాగే. ఐరిస్ ఇప్పటికీ, నన్నే ముందు అడిగారు, అని గర్వంగా చెప్పుకుంటుంది.

నలుగురి ముందూ అడిగితే ఇంకా మంచిదని వెర్లిన్ ఫిబ్రవరిలో పాత పోస్టుమాస్టరు ఓర్విల్ అంత్యక్రియల భోజనం దాకా ఆగాడు. చర్చి కింది హాలు. బన్నుల్లో పెట్టిన పంది మాంసం, ఊరవేసిన దోసకాయలు, బార్లు, పెద్ద డ్రమ్ములో కాఫీ. అరవై మంది దాకా ఉన్నాం. వెర్లిన్ వచ్చి డార్లాకి ఎదురుగా కూర్చున్నాడు. కొంచెం కుంటుతున్నాడు, కొత్త బూట్లన్నాడు. ఓర్విల్ మంచివాడు, అన్నాడు. అంత చెడ్డవాడేం కాదు, అంది డార్లా. చలి తగ్గిందన్నారు, మళ్ళీ పెరుగుతుందన్నారు. అప్పుడు వెర్లిన్ కప్పు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"డార్లా, క్లినిక్ పని నువ్వు చూస్తే బాగుంటుందేమోనని కమిటీలో ఒక మాట వచ్చింది."

ఐరిస్ కళ్ళలో సంతోషం నాకు కనపడుతూనే ఉంది, తనకి జరిగిన గౌరవం డార్లాకి కూడా జరుగుతోందని. నేను డార్లా మెడ వైపు చూశాను. మచ్చలు లేచాయి, చెవుల దాకా వెళ్ళాయి.

"చూస్తాను," అంది డార్లా. "ఎప్పట్నించి రమ్మంటావు?"

వెర్లిన్ నోట్లో ఉన్న దోసకాయ ముక్క నమలడం మర్చిపోయాడు. తర్వాతి మాట ఏమనాలో అతనికి తెలుసు. తెలిసింది ఆ మాటే, వేరే మాట తెలీదు, కాబట్టి అదే అన్నాడు.

"అంటే, తొందరేం లేదు. లోరెన్‌తో మాట్లాడుకో. పని చాలా ఉంటుంది మరి, నీ నడుం సంగతి కూడా..."

"నడుం కోసమే. చూస్తాను, వెర్లిన్."

"నిజంగానే అంటున్నావా? నువ్వు కాదన్నా మేమేం అనుకోం."

"నిజంగానే. థాంక్స్."

అలా వెర్లిన్ తనకి తెలీకుండానే మూడుసార్లు అడిగాడు, అరవై మంది ముందు. మూడోసారి అడిగిందాన్ని వెనక్కి తీసుకోవడం మా ఊళ్ళో ఎవరి వల్లా కాదు. వెనక బల్ల నుంచి లోరెన్, బాగానే ఉందే, అన్నాడు. ఏం చేస్తోందో తెలీక డార్లా ముందున్న పళ్ళెంలో ఆఖరి ముక్క తీసుకుంది. మొత్తం ముక్క. అందరం చూస్తుండగా తినేసింది. ఈ ఊళ్ళో ఇప్పటికీ ఉద్యోగం కన్నా ఆ ముక్క గురించే ఎక్కువ చెప్పుకుంటారు.

మర్నాడు వెర్లిన్ నా వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. రెండుసార్లు వద్దని మూడోసారి కాఫీ తీసుకున్నాడు.

"కాదంటుందనుకున్నాను టీచరుగారూ. ఎవరైనా కాదంటారు కదా."

"మరి అడిగావెందుకు?"

"అడక్కపోతే బాగుండదు కదా."

అసలు సంగతి అప్పుడు చెప్పాడు. డార్లాకి పని రాదని కాదట. పని బాగా వచ్చనే భయమట. యాభై ఏళ్ళుగా పక్కపక్కన కూర్చుని బార్లు తిన్న మనిషి ముందు చొక్కా ఎలా విప్పుతామని కమిటీలో ఐదుగురూ అనుకున్నారట. గడ్డం కుర్రాడైతే ఎవరో ఏమిటో, రెండేళ్ళు ఉండి పోతాడు, మన పొట్టలు మనకే ఉంటాయి. ఇది విని నేను నవ్వాపుకోలేకపోయాను. అతను నొచ్చుకున్నాడు. వెళ్ళేముందు ఆ కుర్రాడికి కుదరదని చెప్పి పెట్టమన్నాడు. తను చెప్పాడట, నలభై నిమిషాలు మాట్లాడాడట, చలి గురించి, నెమళ్ళంత ఉండే మా అడవి కోళ్ళ గురించి, మనిషి జీవితంలో వచ్చే రకరకాల దారుల గురించి. అంతా విని ఆ కుర్రాడు, అయితే ఒకటో తారీఖున వచ్చెయ్యనా, అన్నాడట. నేను ఫోన్ చేసి ఒక్క ముక్కలో చెప్పాను. సరేనండీ, నాకు ఇంకా రెండు చోట్ల పిలుపులున్నాయి, అన్నాడు. ఆ ఊళ్ళలో వెర్లిన్‌లు లేరు కాబోలు.

ఏప్రిల్ ఒకటిన డార్లా క్లినిక్ తలుపు తెరిచింది. తెల్ల కోటు మీద పేరు కుట్టించుకుంది. మొదటి వారం రోజుకి ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఎవరికీ ఏ జబ్బూ లేదు. ఇటు వెళుతున్నాం, చూసిపోదామని, అనేవాళ్ళు. రక్తపోటు చూపించుకునేవాళ్ళు, అదీ కోటు విప్పకుండా. ఎలా ఉంది ఒంట్లో అంటే, పర్లేదు. మే నెల వచ్చింది, వచ్చేవాళ్ళు ఇంకా తగ్గారు. రోగులు లేని క్లినిక్‌కి జీతం ఎక్కణ్ణుంచి ఇస్తాం, జూన్‌లో కూర్చుని ఆలోచిద్దాం, అని కమిటీ అంది. డార్లా మొహం మళ్ళీ ఫోను పక్కన కూర్చున్న రోజుల్లాగా అయిపోయింది. ఉద్యోగం అడిగి సంపాదించాను గానీ, రోగుల్ని ఎలా అడగను టీచరుగారూ, అంది. నాకేం తెలుసు, నేను ఎక్కాల టీచర్ని, అన్నాను.

ఆ మాట అన్న మూడో రోజే, విత్తులు వేసే హడావిడిలో, ఎరువుల కొట్లో ఊపిరాడని పని ఉన్న రోజు, మూసే వేళకి ఐదు నిమిషాల ముందు వెర్లిన్ క్లినిక్ వెనక తలుపు నుంచి వచ్చాడు. గొళ్ళెం సరిగ్గా పడుతోందా లేదా చూద్దామని వచ్చానన్నాడు, కమిటీ తరఫున. గొళ్ళెం రెండుసార్లు వేసి తీశాడు. పడుతోందన్నాడు. అయినా వెళ్ళలేదు. నిలబడ్డప్పుడు ఎడమ కాలి మీద బరువు వెయ్యడం లేదు.

కాలికేమైందని డార్లా అడిగింది. ఏం లేదు, కొత్త బూట్లు, అన్నాడు. అంత్యక్రియలనాటి కొత్త బూట్లే, మూడు నెలలైంది. ఆవిడ కుర్చీ చూపించింది. కూర్చున్నాడు. చూడనా, అంది. ఎందుకు నీకు శ్రమ, ఇంటికెళ్ళే వేళ, అన్నాడు. ఆ మాట వినగానే డార్లా చేతిలో తాళాలు బల్ల మీద పెట్టేసిందట. ఇన్నాళ్ళూ తను రోగుల్ని ఒక్కసారే అడుగుతోంది. నా దగ్గర నేర్చుకున్న కొత్త పద్ధతి, టెక్సాస్ పద్ధతి. వాళ్ళు పర్లేదంటే రాసేసుకుంటోంది, పర్లేదు అని.

ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని మూడోసారి అడిగింది.

"ఇదిగో చూడు వెర్లిన్, చేతులు కడిగేసుకున్నాను. నువ్వు చూపించకపోతే కడిగిందంతా వృథా."

వెర్లిన్ వంగి బూటు లేసు విప్పాడు.

కట్టు మీద కట్టు, కట్టు మీద మేజోడు, మేజోడు మీద ప్లాస్టిక్ సంచి. లోపల చిన్న వేలు నల్లగా అయిపోయి ఉంది. చక్కెర జబ్బు ఉందని అతనికే తెలీదు, లేదా తెలిసీ వద్దన్నాడు, రెండుసార్లు. నొప్పి ఉందా అంది. అంత చెడ్డగా ఏం లేదు, అన్నాడు. ఆ మాటకి మా వైపు ఏమిటర్థమో ముప్ఫై ఏళ్ళు ఎమర్జెన్సీలో విన్న మనిషి, ఇంకేం అడక్కుండా ఆసుపత్రికి ఫోన్ చేసి, తన కారులోనే తీసుకెళ్ళింది. వేలు పోయింది. పాదం దక్కింది. ఇంకో వారం ఆగి ఉంటే మోకాలి దాకా తీసేవాళ్ళమని అక్కడి డాక్టరు అన్నాడట. ఆ డాక్టరు బయటి ఊరివాడు, అన్నీ తిన్నగా చెప్పేస్తాడు.

నెల తర్వాత వెర్లిన్ ఒక కాలికి బూటు, ఒక కాలికి వెడల్పాటి చెప్పుతో కొట్లో కూర్చుని, ఎవరో అడిగితే డార్లా గురించి, అంత చెడ్డగా ఏం చెయ్యదు, అన్నాడు. ఆ సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది. ఇప్పుడు క్లినిక్‌లో చూపించుకోవాలంటే గురువారం దాకా ఖాళీ లేదు. జూన్‌లో కూర్చుంటామన్న కమిటీ కూర్చోలేదు, ఐదుగురిలో ముగ్గురు డార్లా ముందు చొక్కాలు విప్పి కూర్చున్నారు. ఒక్కొక్కరికీ ఎక్కువ సమయం తీసుకుంటోందని జిల్లా కేంద్రం డాక్టరుగారు ఒకసారి అన్నారట. మూడేసి సార్లు అడగాలి మరి, అంది డార్లా. ఆయన కాగితం మీద రాసుకున్నారు గానీ అర్థమైనట్టు లేదు.

నా దగ్గరికి శనివారాలు వస్తూనే ఉంటుంది. ఉద్యోగం దొరికాక కాఫీ విషయంలో మళ్ళీ పాత పద్ధతిలో పడింది. నేను పట్టుబట్టి నేర్పిందంతా ఏమైందని అడిగితే, ఉద్యోగం సంగతి వేరు, కాఫీ సంగతి వేరు, అంది. మొన్న చూద్దామని రెండుసార్లే అడిగి ఊరుకున్నాను. వేడి వేడి కాఫీ పొయ్యి మీద ఉంది. డార్లా దాని వైపు చూసింది, నా వైపు చూసింది, వాతావరణం గురించి పావుగంట మాట్లాడి, కోటు వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.